కడుపులో దాచుకున్నది

"నువ్వు బయట కూర్చోరా. మగాళ్ళ జబ్బుకి మందగా వెళ్ళక్కర్లేదు," అన్నాడు తండ్రి, డాక్టరు గది తలుపు దగ్గర కొడుకుని ఆపేసి.

"నేనూ మగాణ్ణే కదా నాన్నా."

"అయితే మగాడిలా బయట కూర్చో."

తండ్రి వడ్రంగి. అరవై దాటినా చిత్రిక పట్టే చేయి వణకదు. పొత్తికడుపులో గడ్డలాంటిది తగులుతోందని నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. దూలం ఎత్తబోయి కుప్పకూలాకే ఆసుపత్రికి కదిలాడు. కొడుకు పశువుల డాక్టరు. ఎద్దు నడక చూసి జబ్బేమిటో చెప్పగలడు గానీ, ఇంట్లో నాన్న నొప్పి ఓర్చుకుంటున్నాడని కనిపెట్టలేకపోయాడు. ఆ బాధ అతణ్ణి తొలిచేస్తోంది.

ఆపరేషన్ అయ్యాక సర్జన్ అతణ్ణి తన గదికి పిలిచింది.

"కణితి మొత్తం తీసేశాం. ఇంకెక్కడికీ పాకలేదు. ఈ వయసులో ఇలాంటి కణితి రావడం చాలా అరుదు."

"ఎక్కడ పుట్టింది మేడమ్?"

ఆమె తటపటాయించింది.

"నేనూ డాక్టర్నే, పశువులకైనా. దాచకండి."

"వృషణంలో. పుట్టుకతోనే అది కిందికి దిగలేదు, కడుపులో ఉండిపోయింది. అలా ఉండిపోతే కణితి వచ్చే ప్రమాదం ఎక్కువ."

"రెండోది?"

"అదీ అంతే. దాన్నీ తీసేశాం."

రెండూ కడుపులోనే ఉండిపోయిన కోడె వల్ల దూడలు పుట్టవని రైతులకు చెప్పేది అతనే. ఒంటి వేడికి బీజం బతకదు.

"పుట్టినప్పటి నుంచీ ఇంతేనా?"

"ఇంతే."

అయితే నేనెవరి కొడుకుని?

అమ్మ గుర్తొచ్చింది. పోయి నాలుగేళ్ళయినా నాన్న ఏదో ఒక మిషతో రోజూ ఆమె మాటే ఎత్తుతాడు. ఆమె కోసం చేసిన కుర్చీలో ఇంకెవరినీ కూర్చోనివ్వడు. అలాంటి మనిషికి... ఎంత పని చేశావమ్మా! అతను పళ్ళు బిగించాడు. కళ్ళు మండాయి.



"మేడమ్, ఒక్క సాయం. ఇలాంటివాళ్ళకి పిల్లలు పుట్టరన్న సంగతి మా నాన్నకి చెప్పకండి. మా అమ్మంటే ప్రాణం ఆయనకి. ఈ వయసులో తట్టుకోలేడు."

సర్జన్ అతని ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. "నా నోటి నుంచి రాదు," అంది చివరికి.

మర్నాడు వార్డులో కొడుకు తండ్రి తలకింద దిండు సర్ది, తడిగుడ్డతో పెదాలు అద్దాడు.

"ఏమందిరా డాక్టరమ్మ?"

"గడ్డ తీసేశారట. ఇక గుండ్రాయిలా ఉంటావంది."

"అంతేనా?"

"అంతే నాన్నా."

"మరి ఆ ఏడుపు మొహం దేనికి? మీ అమ్మ ఉంటే నెత్తి మీద ఒక మొట్టికాయ వేసేది."

కొడుకు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. మందులు తెస్తానని గొణిగి, గబగబా బయటికి నడిచాడు.

అప్పుడే సర్జన్ వార్డులోకి వచ్చింది. కొడుకు వెనక తలుపు మూసుకునే దాకా ఆగి, తండ్రి ఆమెను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. గొంతు తగ్గించాడు.

"మేం పెంచుకున్నామని మావాడికి తెలియలేదు కదా డాక్టరమ్మా?"