నా కళ్ళతో చూశాను

పొద్దున లేచేసరికి చెల్లెలికి రెండు కళ్ళూ కనిపించడం లేదు.

"కళ్ళకేం లోపం లేదమ్మా. మనసే చూడనని మొరాయిస్తోంది," అన్నాడు కంటి డాక్టరు.

చెల్లెలి మొగుడైన మరిది మీద అక్క మండిపడింది. "ఏం చేశావయ్యా దీన్ని?"

"నాకేం తెలుసు వదినా? పని ఎగ్గొట్టడానికి నాటకమేమో."

"నాటకమాడేది గోడకి గుద్దుకుని నుదురు పగలగొట్టుకుంటుందా?"

చెల్లెలు అక్క మాట వినిపించిన వైపు తిరిగింది. "అబద్ధం చెబితే కళ్ళు పోతాయని చిన్నప్పుడు నువ్వేగా అనేదానివి, అక్కా."

"ఏం అబద్ధం చెప్పావే?"

"మేం పనిచేసే మిల్లులో ఒక పనివాడి చెయ్యి తెగినప్పుడు మిషనుకి రక్షణగా మూత ఉందని. నా కళ్ళతో చూశానని నిన్న పోలీసులకి చెప్పాను."

అక్క మరిది చొక్కా పట్టుకుంది. "అక్కడ మేస్త్రీవి నువ్వేగా?"

అతను తల వంచాడు. "పని జోరుగా సాగాలని మూత తీయించింది నేనే, వదినా. ఉందని చెప్పకపోతే ఇంట్లోంచి గెంటేస్తానని దీన్ని బెదిరించిందీ నేనే."