పాతకాపు మౌనం

మధ్యాహ్నం పన్నెండింటికి గడువు ముగుస్తుంది. ఇంకో అరగంట పాతకాపు నోరు మెదపకపోతే చాలు.

ఆమె కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. పొద్దున కలుపుకున్న కాఫీ తెట్టు కట్టింది.

ఇదంతా ఒక చిన్న మాడ్యూల్ గురించి, అంటే ఇతర ప్రోగ్రాముల్లో అతికించుకునే ఒక ముక్క. తేదీలు లెక్కకట్టి పెడుతుంది, అంతే. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. ఆస్పత్రులు, లైబ్రరీలు, బస్సు ఆఫీసులు వాడుకుంటున్నాయి కూడా. దాన్ని చూసుకోవాల్సిన పాతకాపు రెండేళ్ళుగా ముట్టుకోలేదు. ఫిర్యాదులు నాలుగొందలు దాటాయి. అసలు పేరెవరికీ తెలియదు. ఖాతా మీదున్న ఆ మారుపేరే లోకానికి తెలుసు.

ఇలాంటిదాన్ని మరొకరు చేపట్టాలంటే ఒక పద్ధతుంది. ముందు యజమానికి మర్యాదగా ఉత్తరం రాయాలి. జవాబు రాకపోతే అందరూ చూసే పేజీలో ప్రకటించి, ముప్ఫై రోజులు ఆగాలి. ఈలోగా యజమాని ఒక్క ముక్క రాసినా సరే, తల వంచుకుని తప్పుకోవాలి.

ఇదివరకు నాలుగుసార్లు అదే జరిగింది. నాలుగుసార్లూ ఆఖరి ఘడియలో పాతకాపు నుంచి ఒక్క ముక్క: “ఉన్నాను.” ఆ తర్వాత మళ్ళీ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

భర్త సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బస్సు ఒంటిగంటకి. వచ్చి తన దగ్గరే ఉండమని ఆమె అక్క ఎన్నాళ్ళ నుంచో పోరుతోంది. ఈ వ్యవహారం తేలేదాకా ఆమె కుర్చీ వదలదు. అలా నాలుగుసార్లు టికెట్లు రద్దయ్యాయి. అక్క ఈమధ్య రమ్మనడం కూడా మానేసింది.

“ఏమైనా అలికిడి ఉందా, పాతకాపు వైపు నుంచి?” అన్నాడు.

“ఇంకా లేదండీ.”

“ఈ కాస్తసేపు ఆ నోటికి తాళం పడితే నీ పీడా వదులుతుంది, నా పీడా వదులుతుంది.”

“నమ్మడానికి లేదు. ఆఖరి నిమిషంలో ఏమవుతుందో.”

“అంత ప్రాణమైతే రెండేళ్ళు గాలికెందుకు వదిలేసినట్టు? పట్టుకోవడమూ లేదు, వదలడమూ లేదు. మనుషుల్ని కట్టేసి కూర్చోబెట్టడం తప్ప!”

ఆమె తెర మీది పేజీని మరోసారి తెరిచి చూసింది.

“టాక్సీ పిలుస్తున్నా. ఈసారి రద్దు చేసే ఓపిక నాకు లేదు. రాకపోతే నేనొక్కణ్ణే పోతా,” అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పన్నెండుకి నాలుగు నిమిషాలుందనగా ఆ పేజీలో సైటు నిర్వాహకుల ఆఖరి ప్రకటన పడింది. పద్ధతి ప్రకారం అదీ మర్యాదగానే ఉంది.

“పాతకాపు గారికి నమస్కారం. మీరెక్కడున్నా క్షేమంగా ఉండాలి. పన్నెండింటికి మీ పేరు తీసేస్తున్నాం. పదకొండేళ్ళు దీన్ని కనిపెట్టుకుని ఉన్నందుకు కృతజ్ఞతలు. సెలవు.”

ఆమె రెండుసార్లు చదివింది. రెండుసార్లూ ‘సెలవు’ దగ్గర ఆగిపోయింది.

కింద హారన్ మోగింది.

“వస్తున్నావా, లేదా?” భర్త కేక.

“వస్తున్నా, వస్తున్నా!”

ఆమె, లోకమంతా పాతకాపు అని పిలిచే తన ఖాతా తెరిచి, ఆ ఒక్క ముక్కే అయిదోసారి రాసింది: “ఉన్నాను.”