రిసెప్టర్ల అలక

ఒక్క కణం కూడా మెరవలేదు.

పిచ్చుక మైక్రోస్కోపు మీదికి ఇంకాస్త వంగింది. నోరు ఒక్క క్షణం మూతపడదని ల్యాబ్‌లో అందరూ ఆ అమ్మాయికి పెట్టిన పేరది. మైక్రోస్కోపు కింద ప్లేటులో కణాలు నిమ్మకు నీరెత్తినట్టున్నాయి. పక్కనున్న తెర మీద చిమ్మచీకటి.

"పెప్టైడ్ వేశావా?" గద్దించాడు ప్రొఫెసర్.

"వేశాను సార్."

"సరిగ్గా వేశావా?"

"మీ కళ్ళ ముందే కద సార్ వేసింది!"

మెదడు తన కబుర్లు పంపించుకోవడానికి వాడుకునే బుల్లి ప్రొటీన్ ముక్క ఆ న్యూరోపెప్టైడ్. అది వచ్చి కణం ఒంటి మీద కబురందుకునే రిసెప్టర్‌కి తగిలిందంటే, లోపల అరల్లో దాచుకున్న కాల్షియం ఒక్కసారిగా పొంగుతుంది. కణాలకు ముందే పట్టించి ఉంచిన రంగు, ఆ కాల్షియం సోకగానే పచ్చగా మెరుస్తుంది. ఆ పెప్టైడ్‌కి తగిన రిసెప్టర్ ఏదో ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదు. పిచ్చుక తిండీ నిద్రా మానుకుని దాన్ని పట్టుకుంది. ఈ రోజు ఆ మెరుపు చూపిస్తే డాక్టరేట్. చూపించలేకపోతే బట్టలు సర్దుకోవడమే.

చూడ్డానికి పనిగట్టుకుని బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు కుర్చీ ముందుకు జరుపుకుంది.

"కంగారుపడకమ్మా. ఎలాంటి కణాన్నయినా మెరిపించే మందొకటి ఉంటుంది కదా, అది వేసి చూడు."

పిచ్చుక వెంటనే వేసింది. తెరంతా భగ్గుమని పచ్చబడింది.

"రంగు బాగానే ఉంది, కణాలూ బతికే ఉన్నాయి," అంది పరీక్షకురాలు. "తేడా అంతా రిసెప్టర్ దగ్గరే."

"అసలది ఉంటేగా తేడా రావడానికి!" అన్నాడు ప్రొఫెసర్. "ఇన్నాళ్ళూ నా చెవిలో పువ్వు పెట్టిందన్నమాట!"

పిచ్చుకకి ఏడుపు ముంచుకొచ్చింది. మొన్నటిదాకా ఊళ్ళన్నీ తిరిగి 'మా రిసెప్టర్, మా రిసెప్టర్' అని ఉపన్యాసాలు దంచిన మనిషి ఈయనే.

"ఉండండి," అంది పరీక్షకురాలు. "ఈ రిసెప్టర్లకో పాడు అలవాటుంది. ఒకసారి పెప్టైడ్ తగిలిందా, చెయ్యాల్సిన పని చేసేసి, అలిగినట్టు కణం లోపలికి పోయి కూర్చుంటాయి. ఆ తర్వాత చాలాసేపు ఎంత బతిమాలినా బయటికి రావు. మనకంటే ముందే ఎవరో ఇందులో పెప్టైడ్ వేసి తమాషా చూసినట్టున్నారు."

"అబ్బే, నా ల్యాబ్‌లోనా!" ప్రొఫెసర్ వెంటనే అడ్డుపడ్డాడు. "నేనంటే అందరికీ హడలండీ."

అదీ నిజమే. ఆయన వరండాలో దగ్గితే ఇక్కడ ఫ్రిజ్ కూడా చప్పుడు ఆపేస్తుందని ప్రతీతి.

పిచ్చుక గబగబా పెప్టైడ్ ట్యూబు తీసి వెలుతురులో పెట్టి చూసింది. "సార్! పొద్దున నిండా పోసి పెట్టాను. నేను వేసింది ఒక్క చుక్క. ఇదేమో సగానికి దిగింది!"

"చూశారా," అంది పరీక్షకురాలు. "ఈ గది తాళంచెవి ఎవరెవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరొకటి, సార్ దగ్గరొకటి."

"నాది నా జేబులోనే ఉంది," అంటూ ప్రొఫెసర్ జేబు తట్టి చూపించాడు. "ఏమ్మాయ్, మెరుస్తాయో లేదోనని భయమేసి ముందే ఒకసారి వేసి చూసుకున్నావు కదూ?"

"లేదు సార్, ఒట్టు!" అంటుండగానే గుర్తొచ్చింది ఆ పిల్లకి. పొద్దున కాఫీకి వెళ్తూ తాళంచెవి ఎవరి చేతిలో పెట్టిందో. గిర్రున తిరిగింది. "అన్నయ్యా! నువ్వేనా?"

మూల కంప్యూటర్ ముందు కూర్చున్న సీనియర్ ఉలిక్కిపడ్డాడు. వీడి పేరు కోతి. గ్లవ్స్‌లో ముందుగానే సిరా పోసి ఉంచడం, ఫ్రిజ్‌లో రబ్బరు బల్లి పెట్టడం వీడి ఘనకార్యాలు.

"అమ్మతోడు, నేను కాదే! నీ తాళంచెవి జేబులో వేసుకుని క్యాంటీన్‌లో కూర్చున్నాను. ఈ గుమ్మం తొక్కితే అడుగు!"

"కోతి చేతికి తాళంచెవి ఇచ్చిందట!" ప్రొఫెసర్ బల్ల మీద గుద్దాడు. "మేడమ్, ఈ పరీక్ష రద్దు చేసెయ్యండి. ప్లేటు ముట్టుకోవద్దని నిన్నంతా నెత్తీ నోరూ బాదుకున్నాను. వినయం లేనివాళ్ళకి డాక్టరేట్ ఎందుకు? వీళ్ళిద్దరూ రేపటి నుంచి నా కంటికి కనబడకూడదు!"

"సార్, నేను వెయ్యలేదు సార్..." పిచ్చుక కళ్ళనీళ్ళు జలజలా రాలాయి. కోతి కూడా మొదటిసారి నవ్వు మర్చిపోయాడు. పరీక్షకురాలు నిట్టూర్చి పెన్ను మూత తీసింది.

అప్పుడే తలుపు తోసుకుని ఓ పెద్దావిడ లోపలికి తొంగిచూసింది. భుజాన సంచి, ముక్కు మీద కళ్ళజోడు. ఆవిడను చూడగానే పెద్దపులిలాంటి ప్రొఫెసర్ లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అల్లుడుగారూ, కళ్ళజోడు సంచి అడుగునే ఉందండీ! పొద్దున మీరు అంత ముచ్చటపడి చూపించిన ఆ పచ్చ మెరుపులు ఇంకోసారి వేసి చూపిస్తారా? అప్పుడు నాకేమీ కనబళ్ళేదు, మీరు చిన్నబుచ్చుకుంటారని ఊరికే 'అబ్బ, భలే ఉన్నాయి' అన్నాను!"