తెలియదంటోంది

ముసలమ్మ మిషను గేటు దగ్గరికొచ్చి నిలబడింది. జుట్టు మొదలంటా కోసేసి ఉంది. తలకీ ముఖానికీ తెల్లమట్టి పూసుకుంది.

పాస్టర్ విటేకర్ వంటమనిషి ఎల్సీని పిలిచి, ముందు ఆ మట్టి కడిగించి తర్వాత తిండి పెట్టమన్నాడు.

ఎల్సీ కదల్లేదు. "మట్టి ఉండనీండి అయ్యా."

"ఇక్కడ శుభ్రత ముఖ్యం," అన్నాడాయన.

సబ్బు పెట్టి మరీ కడిగించారు. గౌను తొడిగారు.

పాస్టర్ చెడ్డవాడు కాడు. అదే మా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్ళం.

రెండేళ్ళుగా మా ఆదివాసుల మధ్యే ఉంటూ మా మాటలు ఓ నాలుగొందలు నేర్చుకున్నాడు. వాటితో బైబిలంతా మా భాషలోకి మార్చేద్దామనుకున్నాడు. ఆదివారం ప్రార్థనలో ఆ ఏడు పోయినవాళ్ళ పేర్లు పైకి చదివేవాడు. మా ఆడవాళ్ళు లేచి బయటికి పోయేవారు. భక్తి లేదని మందలించేవాడు.

ముసలమ్మ వచ్చిన వారమే ఎగువ మడుగు దగ్గర మూడు రోజులు పొగ లేచింది. పశువుల దొరది ఒక ఎద్దు ఈటె తగిలి చచ్చిందట. ఒక్క ఎద్దు. దానికోసం పోలీసులు తుపాకులేసుకుని గుర్రాల మీద మడుగుకు పోయారు.

తిరిగొచ్చాక ఏం జరిగిందని పాస్టర్ అడిగితే, "చెదరగొట్టాం," అన్నాడు సార్జెంట్ ఓగిల్వీ. ఆస్ట్రేలియా పోలీసుల నోట ఆ మాటకు అర్థమేంటో మాకు మా తాతల నాటినుంచీ తెలుసు.

మడుగువాళ్ళెవరూ మళ్ళీ ప్రార్థనకు రాలేదు. పాస్టర్ వెళ్ళి చూశాడు. బూడిదలో మనుషుల పళ్ళు దొరికాయి. రుమాల్లో మూటగట్టి తెచ్చుకున్నాడు. ఆరు నెలలపాటు రాజధానికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఈ దేశం ఎవరి బూడిద మీద లేచిందో ఈ దేశమే కూర్చుని వినాలని రాశాడు. పశువుల దొరలు మిషనుకు మాంసం పంపడం మానేశారు. అయినా తగ్గలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

చివరికి మేజిస్ట్రేటు విచారణకు వచ్చాడు.

ఆ పళ్ళు కంగారూవి అన్నాడు సార్జెంట్. అయ్యుండొచ్చు అన్నాడు మేజిస్ట్రేటు. చూసిన మనిషిని తెస్తేనే కేసు, లేకపోతే ఇక్కడితో సరి అని తేల్చేశాడు.

ముసలమ్మ వచ్చింది మడుగు వైపు నుంచే కదా అని పాస్టర్‌కి గుర్తొచ్చింది. ఆమెను తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. తనూ వస్తానంది ఎల్సీ. వంట చూసుకోమన్నాడు.

దుబాసీ పోలీసులు తెచ్చుకున్నవాడే. సార్జెంట్ మోచేతి పక్కనే నిలబెట్టారు. వాడి ప్రాణం వాడికి తీపి.

పాస్టర్ ప్రార్థన హాజరు పుస్తకం తెరిచాడు. అందులో మడుగువాళ్ళ పేర్లు నలభై ఆరు. ఆ పేర్లు నేనిక్కడ రాయను. ఒక్కొక్కటే పైకి చదివి, ఈ మనిషి ఎక్కడున్నాడని అడిగాడు.

కొన్ని పేర్లకు ముసలమ్మ పెదాలు చాచి దిక్కు చూపించి, ఏటి దిగువన ఉన్నాడనో, ఉప్పునేల వైపు పోయిందనో చెప్పింది.

కొన్నిటికి నోటి మీద అరచెయ్యి పెట్టుకుని తల దించుకుంది.

"తెలియదంటోంది," అన్నాడు దుబాసీ, తలెత్తకుండా.

పాస్టర్ ఆ పేరు పక్కన ఇంటూ పెట్టాడు.

మళ్ళీ పేరు, మళ్ళీ అరచెయ్యి. "తెలియదంటోంది."

ఒకచోట వరసగా నాలుగు పేర్లకు అంతే. ముసలమ్మ అరచెయ్యి నోటి మీంచి తియ్యనే లేదు. అయినా లేచిపోలేదు. ఇంకో పేరు కోసం ఆయన ముఖంలోకే చూసింది.

"కానివ్వండి పాస్టర్‌గారూ," అన్నాడు సార్జెంట్. "మీ సాక్షి మహా జ్ఞాపకశక్తి గల మనిషిలా ఉంది." విచారణ చూడ్డానికొచ్చిన పశువుల దొరలు పగలబడి నవ్వారు.

పాస్టర్‌కి తల కొట్టేసినట్టయింది. కోపం ముసలమ్మ మీదికి తిరిగింది. "నీ జనం పేర్లే నీకు తెలియవా? ఈ తిప్పలన్నీ మీకోసం కాదూ?"

సాక్ష్యం లేదని రాసి మేజిస్ట్రేటు సంతకం పెట్టాడు. సార్జెంట్‌కి పై హోదా ఇచ్చారు.

పాస్టర్ ఆ తర్వాత ముసలమ్మతో మాట్లాడలేదు. వానలకు ముందు ఆమె పోయింది.

ఆదివారం ప్రార్థనలో ఆమె పేరు చదివాడు. అందరూ లేచి బయటికి నడిచారు. ఈసారి ఎల్సీ కూడా.

ఆయన హాజరు పుస్తకం పట్టుకునే వెంటపడ్డాడు. పోయిన మనిషికి మీరిచ్చే మర్యాద ఇదేనా అని ఎల్సీని నిలదీశాడు.

"పోయినవాళ్ళ పేరు మేం పలకం అయ్యా. వినం కూడా," అంది ఎల్సీ. "ఎవరైనా అడిగితే ఇలా నోటి మీద చెయ్యి పెట్టుకుంటాం. పోయారని అర్థం. తెల్లమట్టీ అందుకే పూసుకుంటాం. మీరు కడిగించారు."

ఆయన ముఖం పాలిపోయింది. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"వంట చూసుకోమన్నారు."

ఆయన అక్కడే నేల మీద కూలబడి పుస్తకం తెరిచాడు. ఇంటూలు ముప్ఫై ఒకటి. ముసలమ్మ ముప్ఫై ఒక్కసారి సాక్ష్యం చెప్పింది. వినకూడని పేర్లు ఆయనకోసం కూర్చుని విన్నది. అన్నీ ఆయన చేత్తోనే రాసుకున్నాడు.

వరసగా నాలుగు ఇంటూలున్న చోట వేలు ఆగింది. నలుగురూ ఒక్క కడుపున పుట్టినవాళ్ళని తనే రాశాడు. తల్లి పేరు దగ్గర ఖాళీ.

ఈసారి పేర్లు పైకి చదవలేదు. ఆ నలుగురూ ఎలా ఉండేవారో గుర్తులు చెప్పాడు. "వీళ్ళ తల్లి ఎవరు ఎల్సీ?"

ఎల్సీ కొత్త సమాధి మట్టిదిబ్బ వైపు చూసి, నోటి మీద అరచెయ్యి పెట్టుకుని తల దించుకుంది.