పదో నిమిషం

కాలేజీలో అధ్యాపకులు తాము రాసుకున్న కథలు ఏటా చదివే సభ. ఎవరికైనా పదే నిమిషాలు. అవి నిండగానే అటెండరు గంట కొడతాడు. చదివేవాళ్ళు సగం వాక్యంలో ఉన్నా దిగిపోవాలి.

ఆ అటెండరు మహా మొండిఘటం. నాలుగేళ్ళ క్రితం ఎక్కడినుంచో వచ్చి చేరాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. ప్రిన్సిపాల్ గారి నవలలో నాయికను మూడేళ్ళుగా మెట్ల మీదే నిలబెట్టేశాడు. పాపం, ఆవిడ ఇంకా మేడ ఎక్కనేలేదు.

ఈసారి కెమిస్ట్రీ మేడమ్ లేచింది. ఆమె సంగతి హాల్లో అందరికీ తెలుసు. ఐదేళ్ళ క్రితం విహారయాత్రకు వెళ్ళిన స్కూలు బస్సు కొండ మలుపులో లోయలో పడింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు అందులోనే ఉన్నాడు. ఒక్క ప్రాణం మిగల్లేదు. డ్రైవరు కునుకు తీశాడన్నారు, తప్పంతా అతనిదేనన్నారు. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా.

ఆమె కథలోనూ అదే బస్సు. పిల్లలు గొంతులు చించుకుని పాడుతున్నారు. కిటికీ పక్కన కొడుకు, చేతిలో సగం కొరికిన బిస్కెట్టు. బస్సు మలుపు దగ్గరికొచ్చింది.

సరిగ్గా అప్పుడే పది నిమిషాలూ నిండాయి.

అటెండరు సుత్తి ఎత్తాడు. ఇక్కడ ఆపేస్తే పిల్లవాడు మళ్ళీ లోయలోకే.

ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉండిపోయింది.

ఆమె చదువుతూనే ఉంది. కథలో బ్రేకు పడింది. బస్సు అంచున ఆగింది. డ్రైవరు పిల్లల్ని ఒక్కొక్కరినే చేయి పట్టి దించి, రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాడు. కొడుకు ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా అన్నం అడిగాడు.

ఇరవై నిమిషాలయింది. ప్రిన్సిపాల్ గారు చేతి గడియారం చూపించి సైగ చేశారు. అటెండరు చూడనట్టే ఊరుకున్నాడు. కన్నతల్లి కడుపుకోతకు ఆ రాతిగుండె కూడా కరిగిందనుకుని అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

హాలు ఖాళీ అయ్యాక అతను కుర్చీలు సర్దుతూ ఆమె దగ్గరికొచ్చాడు.

"ఒక్కమాట అడగనా అమ్మా? పిల్లలంతా ఇళ్ళకు చేరారు. ఆ తర్వాత డ్రైవరు ఏమయ్యాడో రాయలేదు. వాడూ ఇంటికెళ్ళి ఇంత అన్నం తిన్నాడా?"

ఆమె చివరి కాగితం బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసింది.

"తిన్నాడు పెద్దాయనా, మీ అబ్బాయికి ఏ కూరంటే ఇష్టమో చెప్పండి, అదే వడ్డించినట్టు రాస్తాను."