అనంతయ్య చేతి కొలత

“వైరు పెట్టినవా?”

“పెట్టిన.”

“స్క్రూడ్రైవర్?”

“అన్నీ పెట్టిన. ఇంకోసారి అడిగితే ఈడనే బస్సు దిగిపోత!” పెళ్లాం మున్నీబీ కస్సుమంది.

లాల్ అహ్మద్ నోరు మూసుకున్నాడు. గద్వాలలో ఎక్కిన బస్సు ధరూర్ దాటి జూరాల వైపు పోతోంది. ఒళ్లో దుప్పట్లో చుట్టిన చెక్కపలక ఉంది. పక్కవాడి మోచెయ్యి తగిలినా ఉలిక్కిపడుతున్నాడు. మున్నీబీ కాళ్ల దగ్గర రొట్టెల సంచి ఒరిగిపోతుంటే కాలితో ఆపుకుంటోంది.

అదేమన్నా మామూలు పలకా! దానికోసం ఆయన పడ్డ పాట్లు ఆ మున్నీబీకే తెలుసు.

శ్రవణ్ కుమార్ ఆర్కెస్ట్రాలో సింథసైజర్ వాయించేది అనంతయ్య. పట్నంలో ఏదో స్టూడియో మూతబడితే తెచ్చిన యంత్రం అది. ఇనుప బీరువాలా ఉంటుంది. నిండా రంధ్రాలు, నాబులు. ఈ రంధ్రం నుంచి ఆ రంధ్రానికి వైరు గుచ్చితే డప్పు మోగుతుంది, ఇంకోదానికి గుచ్చితే గాలి ఈల వేస్తుంది. ఆ చిక్కుముడి అనంతయ్య ఒక్కడికే లొంగేది. ఎడమచేత్తో నాబులు తిప్పుతూ, కుడిచేత్తో మెట్లు నొక్కుతూ జనాన్ని ఊపేసేవాడు. పోయిన ఎండాకాలం పల్లీలు వలిచే మిషన్ ఆ కుడిచేతి వేళ్లు మూడింటిని మింగేసింది. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

“అమరచింత వినాయకుని ప్రోగ్రాం దాక చూస్త. వాయిస్తే ఉంటడు, లేకుంటే వేరేటోన్ని పెట్టుకుంట,” అని తేల్చేశాడు శ్రవణ్ కుమార్.

అనంతయ్య వచ్చి లాల్ అహ్మద్ రేడియో రిపేరు కొట్టు ముందు కూలబడి ఏడ్చాడు. అంత మనిషి ఏడుస్తుంటే లాల్ అహ్మద్ చూడలేకపోయాడు. “ఊకో అన్నా. నీ చేతికి తగ్గట్టు బటన్లు నేను చేస్త,” అనేశాడు. అన్నాక తెలిసొచ్చింది అదెంత తలనొప్పో.

మొదట కాలింగ్ బెల్ స్విచ్చులు బిగించాడు. పాటకంటే వాటి టకటకే ఎక్కువ వినిపించింది. తర్వాత మెత్తటివి తెచ్చి వరసగా పెట్టాడు. ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తలేక అనంతయ్య చెయ్యి వాచిపోయింది. ఆఖరికి మూసేసిన వీడియో గేముల దుకాణం నుంచి పెద్ద బటన్లు పట్టుకొచ్చి, అనంతయ్య చెయ్యి పలక మీద ఆనించి సుద్దముక్కతో చుట్టూ గీశాడు. బొటనవేలు తిరిగే మేర మూడు, చిటికెనవేలి కింద రెండు, మణికట్టు ఆనే చోట ఒకటి.

“బటన్లల్ల లైట్లు పెట్టన్నా? స్టేజి మీద మెరుస్తయి.”

“వద్దు లాల్ భాయ్. నా చెయ్యి నాకు తెల్వదా?”

పలకను యంత్రానికి కలిపే వైరు కూడా లాల్ అహ్మద్ సొంతంగా చేసిందే. అది లేకుంటే పలక ఉత్త చెక్కే; బజార్లో వెతికినా అలాంటిది దొరకదు. నిన్న రిహార్సల్‌లో అనంతయ్య వాయిస్తుంటే శ్రవణ్ కుమార్ నోరెళ్లబెట్టాడు. “శబాష్! దీన్ని సీడీల ఎక్కియ్యాలె, గుర్తుంటది,” అని మొత్తం రికార్డు చేయించాడు. ఒక బటన్ జర పట్టేస్తోందని లాల్ అహ్మద్ పలకను, వైరును ఇంటికి తెచ్చి బాగుచేసుకున్నాడు.

అమరచింతలో మండపం దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. శ్రవణ్ కుమార్ ఎదురొచ్చి పలక అందుకున్నాడు. లాల్ అహ్మద్ వెంట పోబోతే ఆపాడు.

“కలిపేది మావోళ్లు చూస్కుంటరు. నువ్వు భాభీతోని ముందు కుర్చీల కూసో. ఇయ్యాల నువ్వు మెకానిక్‌వి కాదు, మెహమాన్‌వి!”

అతిథి అనేసరికి లాల్ అహ్మద్ ఉబ్బిపోయాడు. దర్జాగా కాలు మీద కాలేసుకున్నాడు.

ప్రోగ్రాం ఎంతకీ మొదలుకాదు. జనం కేకలేస్తున్నారు. పరదా సందులోంచి అనంతయ్య తల బయటికొచ్చింది. కళ్లు జనంలో అటూ ఇటూ వెతికాయి. ‘భయపడకు’ అని లాల్ అహ్మద్ లేచి చెయ్యి ఊపేలోపే ఎవరో అనంతయ్యను లోపలికి లాగేశారు.

“పాపం, గుండె దడదడ అంటున్నట్టుంది,” అన్నాడు లాల్ అహ్మద్. “నేను పోయి వస్త.”

“మెహమాన్ అన్నంక కూసోవయ్యా!” మున్నీబీ చొక్కా పట్టి లాగింది.

పరదా లేచింది. అనంతయ్య చెయ్యి బటన్ల మీద కదిలింది. గాలి ఈల లేచింది, డప్పు అందుకుంది. నిన్న ఎట్లా మోగిందో అట్లాగే, వెంట్రుకవాసి తేడా లేదు. జనం ఈలలు, కేకలు! అనంతయ్య తలెత్తలేదు. చెంపలు తడిసిపోతున్నాయి.

“చూసినవా, సంబురంతోని ఏడుస్తుండు,” అంటూ లాల్ అహ్మద్ కూడా కళ్లు తుడుచుకున్నాడు.

పాటలయ్యాక శ్రవణ్ కుమార్ వచ్చి భుజం తట్టాడు. “ఇగ నాకు ఫికర్ లేదు లాల్ భాయ్. ఎవరు కూసున్నా ప్రోగ్రాం నడుస్తది!”

ఇంతకంటే పెద్ద మెప్పు ఏముంటుంది? లాల్ అహ్మద్ కాళ్లు నేల మీద నిలవలేదు. అంతలో అనంతయ్య వచ్చాడు. పలకను దుప్పట్లో చుట్టి తెచ్చి చేతిలో పెట్టాడు.

“ఇది నువ్వే ఉంచుకో. రేపటి సంది నేను రాను.”

“ఏంది? నా పలక ఏమన్న తప్పు చేసిందా?”

అనంతయ్య పలక మీది దుప్పటి సర్దాడు. “లేదు లాల్ భాయ్. నీ పలక ఒక్క తప్పు గూడ చెయ్యలే.”

“మరెందుకు రావు? నాలుగు చప్పట్లు పడంగనే తలకెక్కిందా? కొట్టు బందు పెట్టుకొని చేసిన నీకోసం!”

“ఇగ పోదాం పా,” మున్నీబీ చెయ్యి పట్టుకుంది. లాల్ అహ్మద్ విదిలించుకున్నాడు.

“గిట్ల చేసేటోనివి, ఆ రెండు వేళ్లు గూడ మిషన్లనే పెట్టకపోయినవ్!”

అనంతయ్య చెయ్యి భుజం మీది తువ్వాలు కిందికి పోయింది. “బస్సుకు యాళ్లయితుంది,” అన్నాడు మెల్లగా. “భాభీకి ఆకలైతుండొచ్చు, పోండ్రి.”

బస్టాండులో కూర్చున్నా లాల్ అహ్మద్ తిట్లు ఆగలేదు. విశ్వాసం లేదన్నాడు, ఇక జన్మలో వాడి మొహం చూడనన్నాడు.

“ముందు ఇంత తిను,” అంటూ మున్నీబీ సంచి విప్పి రొట్టెలు తీసింది. పచ్చడి డబ్బా కోసం మళ్లీ చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

“ఏమైంది?”

లాల్ అహ్మద్ సంచి తన వైపు లాక్కున్నాడు.

అడుగున, ఇంట్లో చుట్టిన చుట్ట చుట్టినట్టే, వైరు ఉంది.