జాగా లేదు

"తగినంత జాగా లేదు" అంది ఫోను, పొద్దుట్నుంచి నాలుగోసారి.

టైలరమ్మ కుట్టు మిషను మీంచి కాలు తీసి దానివైపు కొరకొరా చూసింది. జాగా ఎందుకు ఉంటుంది? ఉన్నదంతా ఆవిడే ఆక్రమించుకుని కూర్చుంటే.

అసలు అప్‌డేట్ అంటేనే టైలరమ్మకు హడలు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ప్రతి అప్‌డేట్‌కీ ఏదో ఒకటి ఊడుతుంది. ఒకసారి అలారం మూగబోయింది. ఇంకోసారి అక్షరాలు చీమతలకాయలంత అయ్యాయి. పోయిన నెల నుంచి ఎవరు ఫోన్ చేసినా మోగకుండా జ్వరమొచ్చినట్టు వణుకుతోంది. ఇప్పుడు కొలతల యాప్ వంతు. కొత్త వెర్షను వేస్తే గానీ తెరుచుకోనని భీష్మించుకుంది. ఇరవైమంది నర్సుల యూనిఫారాల కొలతలు దాని కడుపులోనే ఉన్నాయి. సోమవారం కత్తెర పట్టకపోతే ఆ పని పక్కవీధి కొట్టుకు పోతుంది.

కొత్త వెర్షనుకు జాగా కావాలి. జాగా కావాలంటే ఆవిడ పోవాలి.

ఆవిడవి మొత్తం ఎనిమిది వందల పన్నెండు ఫోటోలు. ఆకుపచ్చ గౌనులో తల వెనక్కి వాల్చి నవ్వేవే ఒక ముప్ఫై ఉంటాయి. వాన నీళ్ళలో చెప్పులు చేత్తో పట్టుకుని ఒకటి. ఇదే షాపులో, ఇదే మిషను ముందు, పెదాల మధ్య గుండుసూది పెట్టుకుని ఇంకొకటి. అన్నీ టైలరమ్మ మొగుడు తీసినవే. షాపులో ఆవిరి ఇస్త్రీపెట్టె ట్యాంకు పేలిన రోజుతో అవి ఆగిపోయాయి. మూడేళ్ళయింది.

ఆగిపోతేనేం? రోజూ రాత్రి భోజనమయ్యాక మొగుడు ఫోను తీసుకుని ఆ నవ్వు ముందు కూర్చుంటాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, పగలంతా మేడలెక్కి దిగి అలిసొచ్చినవాడు. పక్కన మసలే మనిషిని వదిలేసి ఫోనులో మనిషిని చూసి నవ్వుకుంటుంటే ఒళ్ళు మండదా? సవతి ఎదురుగా ఉంటే జుట్టు పట్టుకోవచ్చు. ఫోనులో ఉన్నదాన్ని ఎవరైనా ఏం చేయగలరు?

అత్తగారిది ఇంకో పోరు. ఆ ఫోటోలు కంటపడితే చాలు, ఎంత కళగల ముఖమో అని కళ్ళొత్తుకుంటుంది. కోడలు పక్కనే ఉందన్న ధ్యాసే ఉండదు. కోడలు ఎండాకాలంలో కూడా విప్పని స్కార్ఫును ఇంకాస్త ముందుకు లాక్కుని మిషను గట్టిగా తొక్కుతుంది.

ఆఖరికి ఆ ఫోను కూడా ఆవిడ పక్షమే. కొన్న కొత్తలో దానికి ఆవిడ ముఖంతోనే తాళం పెట్టారు. ఆవిడ చూస్తే చాలు, ఠక్కున తెరుచుకునేది. టైలరమ్మ ఎదురుగా పట్టుకుంటే మాత్రం గుర్తుపట్టలేదు, అంకెలు నొక్కమంటుంది. తాళం మార్చుకోవచ్చు. కెమెరా ముందు ముఖం అటూ ఇటూ తిప్పి చూపించాలంతే. తనేమైనా సినిమా తారా అని విసుక్కుని, రోజూ అంకెలే నొక్కుకుంటోంది.

నిన్న ఫోను రిపేరు షాపుకు కూడా వెళ్ళింది. అక్కడి పెద్దమనిషి కళ్ళద్దాలు పైకి నెట్టుకుని ఫోటోలన్నీ చూశాడు. ఇవి తీసేస్తే ఫోను గుర్రంలా పరిగెడుతుందన్నాడు.

"ఎవరమ్మా ఈ పిల్ల? మీ చెల్లెలా?" అని అడిగాడు.

"ఎవరో లెండి," అంది టైలరమ్మ.

ఆ మాట రాత్రంతా ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఈవేళ తాడో పేడో తేల్చుకోవాలనుకుంది. ఎనిమిది వందల పన్నెండు ఫోటోలకూ టిక్కు పెట్టింది. ఇక చెత్తబుట్ట బొమ్మ నొక్కడమే తరువాయి.

షాపు వెనక గదే వాళ్ళ ఇల్లు. ఆదివారం కాబట్టి మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మంలోంచి చూసి, వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"వాటిని ముట్టుకోకు," అన్నాడు.

"ఆవిడ ఉంటే నా పని సాగదు. ఎవరు కావాలో తేల్చుకోండి."

అతను తేల్చలేదు. ఫోను తీసుకుని టిక్కులన్నీ ఎత్తేశాడు. అందులో తను దాచుకున్న పాటలు, ఆటల వీడియోలు, లిఫ్టు పాఠాలు ఒక్కొక్కటిగా చెరిపేశాడు. జాగా వచ్చింది. తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"ఆవిడంటే మీకు అంత ఇష్టమా?" అంది టైలరమ్మ, చక్రం వైపే చూస్తూ.

"ఇష్టమే."

"నన్నెప్పుడైనా అలా చూశారా?"

"నువ్వు చూడనిస్తేగా."

చక్రం ఆగింది. కొలతల యాప్ తెరుచుకుంది. ఇరవైమంది నర్సులూ క్షేమంగా ఉన్నారు. ప్రాణం కుదుటపడి, టైలరమ్మ తెలియకుండానే స్కార్ఫు లాగి నుదురు తుడుచుకుంది. అతను ఫోను ఎత్తి ఠక్కున ఫోటో తీశాడు. ఎప్పుడు తీయబోయినా చేయి అడ్డం పెట్టే మనిషికి ఈసారి ఆలస్యమైంది.

తీసెయ్యమని ఫోను లాక్కుంది. కానీ అప్‌డేట్ ఊరికే పోతుందా? జాగా దొరికిందే చాలని ఫోటోల యాప్ కూడా అప్‌డేటై ఓ కొత్త విద్య నేర్చుకుని వచ్చింది, ముఖాలు పోల్చిచూసి ఎవరి ఫోటోలు వాళ్ళ కింద సర్దిపెట్టడం.

ఆకుపచ్చ గౌను నవ్వునీ, కాలి బిగుసుకుపోయిన చెంపతో ఇప్పుడే పడిన టైలరమ్మ ముఖాన్నీ పక్కపక్కన పెట్టి "ఈ ఇద్దరూ ఒక్కరేనా?" అని అడిగింది ఫోను, టైలరమ్మ వేలు "కాదు" మీదికి పోతుంటే మొగుడు దాన్ని మెల్లగా పట్టుకుని "అవును" మీద పెట్టాడు.